ఎనభయ్యో పేషెంటు

ఉదయం 9 గంటలకు ఓపీలో కూర్చున్న డాక్టరు మధ్యాహ్నం 1 అయ్యేసరికి 80 మందిని చూడాల్సి రావడం మన పెద్దాసుపత్రుల్లో వింతేమీ కాదు. లెక్క కడితే మనిషికి 3 నిమిషాలు. మొదటి పేషెంటుకు దొరికే డాక్టరు, ఎనభయ్యో పేషెంటుకు దొరికే డాక్టరు కాగితం మీద ఒక్కరే. చదువూ అనుభవమూ మారవు. మధ్యలో ఆకలి, విసుగు, గుమ్మం దగ్గర తోసుకుంటున్న జనం, రెండుసార్లు మోగిన ఫోను వచ్చి చేరతాయి.

ఆ ఎనభయ్యో మనిషి 70 ఏళ్ల పెద్దావిడ అనుకుందాం. ఎప్పటినుంచో షుగరుంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. మోకాళ్ల నొప్పులకు వీధి చివర మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ బిళ్లలు కొనుక్కుంటుంది. "నీరసంగా ఉంటోంది సార్, తిన్నది సయించడం లేదు" అంటుంది. వెంట వచ్చిన కొడుకు చేతిలో బట్టల షాపు కవరు, అందులో నాలుగేళ్ల కాగితాలు. అన్నిటికన్నా పైనున్న రిపోర్టులో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3. కొన్ని ల్యాబులు 1.3 దాకా నార్మల్ అనే రాస్తాయి కాబట్టి అంకె పక్కన బాణం గుర్తు కూడా ఉండదు. డాక్టరు చూపు దాని మీదుగా జారిపోతుంది. బలం మాత్రలు రాసి, "నెక్స్ట్" అంటాడు.

వైద్యంలో కంప్యూటర్ల వల్ల మేలేమిటని అడిగితే వచ్చే జాబితా అందరికీ తెలిసిందే: వేగం, కచ్చితత్వం, రోబో సర్జరీ, ఈ మధ్య ఏఐ. అవి అబద్ధాలేమీ కావు. కానీ ఆ పెద్దావిడకు కావలసింది వాటిలో లేదు. ఆమె జబ్బును కనిపెట్టడానికి కొత్త విజ్ఞానం అక్కర్లేదు. వైద్యశాస్త్రానికి ఎప్పుడో తెలిసిన విషయం, ఆ 3 నిమిషాల్లో, ఆ డాక్టరు కళ్ల ముందుకు వస్తే చాలు. ఆసుపత్రిలో కంప్యూటర్ చేసే అసలు మేలు అక్కడుంది. మొదటి పేషెంటుకు అందే వైద్యాన్ని ఎనభయ్యో పేషెంటు దాకా అరిగిపోకుండా తీసుకెళ్లడం.

ముందు ఆ 1.3 సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల వల్ల క్రియాటినిన్ అనేది ఇళ్లలో మామూలు మాట అయిపోయింది గానీ, మిగతా చోట్ల చాలామందికి అది రిపోర్టులో ఒక గీత మాత్రమే. క్రియాటినిన్ కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపుతాయి. కండ బాగా ఉన్న కుర్రాడిలో ఎక్కువ తయారవుతుంది, బక్కపలచని ముసలమ్మలో తక్కువ. అందుకే ఒకే అంకెకు ఇద్దరిలో ఒకే అర్థం ఉండదు. దీనికోసం వయసు, ఆడ మగ తేడా కలిపి, కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే సూత్రం ఒకటుంది. ఫలితాన్ని ఈజీఎఫ్‌ఆర్ అంటారు. సూత్రం తెలిసిందే, కానీ అందులో క్రియాటినిన్ విలువను మైనస్ 1.2 ఘాతానికి ఎత్తాలి, 0.9938ని పేషెంటు వయసు ఎంతో అన్నిసార్లు హెచ్చవేయాలి. ఓపీలో కూర్చుని చేతితో ఈ లెక్క ఎవరూ వేయరు.

2021లో సవరించిన సూత్రం ప్రకారం, క్రియాటినిన్ 1.3 ఉన్న 25 ఏళ్ల కుర్రాడికి ఈజీఎఫ్‌ఆర్ సుమారు 78 వస్తుంది. అదే 1.3 ఉన్న 70 ఏళ్ల ఆవిడకు 44. మూడు నెలలకు మించి 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ డోసు గురించి మళ్లీ ఆలోచించాలి, 30 కంటే తగ్గితే ఆపేయాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలైతే ఆమె దరిదాపులకు రాకూడదు.

ఇంతకన్నా ముఖ్యమైనది కవరు అడుగున ఉంది. నాలుగేళ్ల కిందటి రిపోర్టులో 0.8, రెండేళ్ల కిందటి దానిలో 1.0, ఇప్పుడు 1.3. మూడు వేర్వేరు ల్యాబులు, మూడుచోట్లా నార్మల్. అవే అంకెలను ఈజీఎఫ్‌ఆర్‌గా మారిస్తే 81, 61, 44. నాలుగేళ్లలో కిడ్నీల శక్తి దాదాపు సగానికి పడిపోయింది. ఏ ఒక్క కాగితమూ ఆ మాట చెప్పలేదు. మూడు అంకెలూ ఒకే తెరమీద పక్కపక్కన, కిందికి జారుతున్న గీతలా కనబడితే దాన్ని గుర్తుపట్టడానికి స్పెషలిస్టు కూడా అక్కర్లేదు, హౌస్ సర్జన్ చాలు. ఇందులో కంప్యూటర్ చూపిన తెలివి ఏమీ లేదు. గుర్తుపెట్టుకుంది, హెచ్చవేసింది, పక్కపక్కన పెట్టింది.

తెలిసిన లెక్కే అయినా వేసే ఓపిక మనిషికి లేకపోవడం వల్ల ఆగిపోయిన వైద్యానికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ సీటీ స్కాన్. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాక 75 ఏళ్ల పాటు డాక్టర్లు చూసింది నీడలనే. ఎక్స్‌రే ఫిల్ము మీద పుర్రె ముందు ఎముక, వెనక ఎముక, మధ్యలో మెదడు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడగా కనిపిస్తాయి. ఎముక నీడలో మెదడు మాయమైపోతుంది. చుట్టూ వేర్వేరు కోణాల నుంచి నీడలు తీస్తే, వాటి నుంచి లోపలి వస్తువును తిరిగి కట్టొచ్చని ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే నిరూపించాడు. ఆయన వైద్యం కోసం చేసిన పని కాదది, శుద్ధ గణితం. 1963, 64లలో అలన్ కార్మాక్ అనే భౌతికశాస్త్రవేత్త ఇదే లెక్కను ఎక్స్‌రేలకు అన్వయించి పత్రాలు ప్రచురించాడు. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు.

ఆ లెక్క ఎలా ఉంటుందో చిన్న గడుల ఆటలో చూడొచ్చు. రెండు వరుసలు, రెండు నిలువులు, మొత్తం నాలుగు గడులు. లోపలి అంకెలు మనకు కనబడవు, మొత్తాలు మాత్రమే తెలుసు. పై వరుస మొత్తం 7, కింది వరుస 5, ఎడమ నిలువు 8, కుడి నిలువు 4. దీన్నిబట్టి అంకెలు తేలవు, రకరకాల జవాబులు కుదురుతాయి. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఏటవాలు మొత్తం 7 అని ఇంకో కబురు అందితే చిక్కు విడిపోతుంది: పైన 5, 2, కింద 3, 2. ఇక్కడ గడి అంటే తలలో ఒక చిన్న ముక్క, అంకె అంటే అది ఎక్స్‌రేను ఎంత ఆపిందన్న కొలత, మొత్తం అంటే ఒక కిరణం అవతలి వైపుకు చేరాక మిగిలిన బలాన్నిబట్టి తేలేది. నాలుగు గడులైతే పిల్లలు కూడా విడదీస్తారు.

ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన మొదటి స్కానర్‌లో గడులు 80 వరుసలు, 80 నిలువులు, అంటే 6,400. (మన పాత పాటల రికార్డుల మీద కుక్క బొమ్మతో కనిపించే హెచ్‌ఎంవీ ఆ కంపెనీదే.) 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో, మెదడులో గడ్డ ఉందని అనుమానించిన ఒక స్త్రీకి మొదటి స్కాన్ తీశారు. ఒక్కో కోణంలో 160 కొలతలు, 180 కోణాలు, మొత్తం 28,800 అంకెలు. వాటిని టేపు మీద రికార్డు చేసి, వేరేచోట ఉన్న కంప్యూటర్ దగ్గరికి పంపి లెక్క కట్టించారు. వచ్చిన బొమ్మలో గడ్డ కనబడింది. పుర్రె తెరవకుండా బతికున్న మనిషి మెదడును పొరగా చూడటం అదే మొదలు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ కార్మాక్‌కూ కలిపి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఇద్దరిలో ఒక్కరు కూడా డాక్టరు కాదు.

ఎక్స్‌రే 1895 నాటిది, గణితం 1917 నాటిది. మధ్యలో లేనిదల్లా వేల సమీకరణాలను విసుక్కోకుండా విడదీసే యంత్రం. ఇప్పటి స్కానర్లు ఒక్కో పొరను 512 వరుసలు, 512 నిలువులుగా చూపిస్తాయి, అంటే 2,62,144 గడులు. అలాంటి పొరలు వందలు, అదీ కొన్ని సెకన్లలో.

దీనివల్ల ఎవరికేం ఒరిగిందంటే పక్షవాతం కేసు చూడాలి. ఉన్నట్టుండి మూతి వంకర పోయి, ఒక చెయ్యి పడిపోయిన మనిషిలో రెండింటిలో ఒకటి జరిగి ఉంటుంది: మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డం పడి ఉండొచ్చు, లేదా నాళం చిట్లి రక్తం కారి ఉండొచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, ఎంత అనుభవమున్న డాక్టరైనా మంచం పక్కన నిలబడి కచ్చితంగా తేల్చలేడు. వైద్యం మాత్రం పూర్తిగా ఎదురెదురు. గడ్డయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. రక్తస్రావంలో అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. సీటీలో ప్రతి గడికీ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, మెదడు కణజాలానికి 30, 40 మధ్య, అప్పుడే కారిన రక్తానికి 60 చుట్టుపక్కల. ఆ తేడా తెర మీద తెల్లటి మచ్చగా కనబడుతుంది. తెల్లమచ్చ లేదంటే ఇంజెక్షన్‌కు దారి తెరుచుకున్నట్టే. పసరు మందు కోసం ముందు ఇంకెక్కడికో వెళ్లి అయిదో గంటలో ఆసుపత్రికి వచ్చిన కేసులో మాత్రం ఎంత గొప్ప స్కానరూ గడియారాన్ని వెనక్కి తిప్పలేదు.

స్కాన్ల నుంచి మళ్లీ చీటీల దగ్గరికి వద్దాం. 10 కిలోల పిల్లవాడికి జ్వరం. పారాసెటమాల్ ఒక్కో డోసు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 15 చొప్పున 150 మిల్లీగ్రాములు అనుకుందాం. షాపులో ఆ మందు మూడు రకాలుగా దొరుకుతుంది: 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములున్న సిరప్, 5 ఎంఎల్‌లో 250 ఉన్న సిరప్, ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉన్న డ్రాప్స్. 150 మిల్లీగ్రాములు అందాలంటే మొదటి సీసాలోంచి 6.25 ఎంఎల్, రెండోదాంట్లోంచి 3 ఎంఎల్, డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్ పొయ్యాలి. చీటీ మీద సిరప్ పేరు, పక్కన "5 ఎంఎల్" అని మాత్రమే గీకి ఉంటే, బిడ్డకు తక్కువ పడుతుందో ఎక్కువ పడుతుందో షాపతను ఇచ్చే సీసాను బట్టి ఉంటుంది. డ్రాప్స్ ఇచ్చాడంటే 500 మిల్లీగ్రాములు, పెద్దవాళ్ల బిళ్లంత. డాక్టరుకు ఈ లెక్క రాక కాదు. రాత్రి 10 గంటలకు, పిల్లాడు ఏడుస్తుంటే, ఎనభయ్యో చీటీ రాస్తున్నప్పుడు ఆ ఒక్క మాట రాయడం తప్పిపోతుంది. ప్రిస్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో బరువు కొట్టకపోతే, ఏ సీసానో ఎంచుకోకపోతే చీటీ ముందుకు కదలదు.

చేతిరాత గురించి జోకులు చాలానే ఉన్నాయి. మందుల షాపులో నిలబడేవాళ్లకు మాత్రం అది నవ్వులాట కాదు. దగ్గరదగ్గర పేర్లున్న మందులు తారుమారైతే ఏమవుతుందో చూసి, డాక్టర్లు పెద్ద అక్షరాల్లో రాయాలని ప్రచారం మొదలుపెట్టి కోర్టు దాకా వెళ్లింది నల్గొండకు చెందిన ఒక ఫార్మసిస్టే. జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన వచ్చింది. అక్షరం బాగుపడితే సగం గండం గట్టెక్కినట్టు. మిగతా సగం మందుకూ మందుకూ మధ్య పేచీ. గుండె వాల్వు ఆపరేషన్ అయినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. విరేచనాలు పట్టుకుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర దొరికే మొదటి మందుల్లో మెట్రోనిడజోల్ ఒకటి. ఈ రెండూ కలిస్తే వార్ఫరిన్ ప్రభావం పెరిగిపోయి చిగుళ్ల నుంచి, కడుపులో నుంచి రక్తం కారే ప్రమాదం ఉంది. ఇలాంటి జంటలు వేలల్లో ఉన్నాయి, అన్నీ పుస్తకాల్లో రాసే ఉన్నాయి. ఏ మనిషికీ అన్నీ నోటికి రావు.

బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో డాక్టర్ల మందుల ఆర్డర్లను కాగితం నుంచి కంప్యూటర్‌కు మార్చి, ముందూ తర్వాతా లెక్కలు తీశారు. పేషెంటు దాకా చేరిపోయే తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గాయని 1998లో ప్రచురించారు. డాక్టర్లు వాళ్లే, మందులు అవే. మన దగ్గర ఇబ్బంది ఏమిటంటే, ఈ హెచ్చరిక ఇచ్చే కంప్యూటర్ కార్పొరేట్ ఆసుపత్రి వార్డులో ఉంటుంది, మెట్రోనిడజోల్ ఇచ్చే చెయ్యి ఊళ్లో ఉంటుంది.

ఊరికీ ఆసుపత్రికీ మధ్య దూరం తగ్గించడంలో తెలుగు నేలకు పాత కథే ఉంది. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడి సొంతూరు, చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరంలో ఉపగ్రహం ద్వారా టెలిమెడిసిన్ మొదలైంది. ఆ మార్చిలో హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. అప్పట్లో అదొక ప్రదర్శన వస్తువు. రోజువారీ పనిగా మారడానికి చౌక ఇంటర్నెట్ రావాల్సి వచ్చింది. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవనిలో ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది పేషెంటును పక్కన కూర్చోబెట్టుకుని హబ్ అనే పెద్ద కేంద్రంలోని డాక్టరుకు తెరమీద చూపిస్తారు. 2023 ఫిబ్రవరి నాటికి 10 కోట్ల సంప్రదింపులు దాటాయి. బీపీ, షుగరు మందుల సర్దుబాటుకు, చర్మం మీద మచ్చకు ఇది బాగా పనికొస్తుంది. కడుపు నొక్కి చూస్తే గానీ తేలని నొప్పికి పనికిరాదు, అప్పుడు పంపాల్సింది బండెక్కించే.

తెరమీద డాక్టరు కనిపించడం కన్నా, చప్పుడు లేకుండా జరిగే ఇంకో ప్రయాణం ఎక్కువ మేలు చేస్తోందనిపిస్తుంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో, 2018లో హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం ల్యాబుతో మొదలైన ఏర్పాటు ప్రకారం, బస్తీ దవాఖానాలో తీసిన రక్తం సీసా మీద బార్‌కోడ్ అంటిస్తారు. మనిషి ఇంటికి వెళ్లిపోతాడు, సీసా సెంట్రల్ ల్యాబుకు వెళ్తుంది, ఫలితం ఫోన్‌కు వస్తుంది. బార్‌కోడ్ లేని రోజుల్లో సీసా మీద బాల్‌పెన్‌తో రాసిన పేరు ఐస్ తడికి అలుక్కుపోయేది. ఒకరి రక్తం ఇంకొకరి రిపోర్టుగా మారడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

డబ్బు విషయంలోనూ అంతే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, ఆపరేషన్ అనుమతికి స్కాన్లు, ఫొటోలు ఆన్‌లైన్‌లో ఎక్కించడం అలవాటైంది. అంతకుముందు పేదవాడి దారి ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ, దానికి ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం, హైదరాబాద్ బస్సు టికెట్టు.

వైద్యం పక్కన పెట్టి వేరే వృత్తి ఏది చూసినా ఇదే గుర్తుపెట్టుకోవడం, ఇదే పక్కపక్కన పెట్టడం కనిపిస్తుంది. 1998 నవంబరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కార్డ్ అనే ప్రభుత్వ విధానంతో కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు ఒక స్థలానికి ఈసీ, అంటే దాని మీద అప్పులు, తాకట్టులు ఉన్నాయేమో చెప్పే పత్రం, కావాలంటే ఎవరో దుమ్ము పట్టిన ఇండెక్స్ పుస్తకాలు ఏడాది తర్వాత ఏడాది తిరగేయాలి. ఒక్క పేజీ దాటిపోయినా తాకట్టులో ఉన్న భూమి అప్పులేనిదిగా అమ్ముడుపోయేది. ఈసీ అంటే భూమికి కేస్‌షీటు లాంటిదే. భూమికి సర్వే నంబరుంది, మనిషికి అలాంటిది ఏదీ లేకపోవడమే వైద్యంలో తిప్పలు తెచ్చింది. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం.

ఏఐ గురించి మాట్లాడకపోతే ఇప్పుడు వ్యాసం పూర్తయినట్టు ఎవరూ ఒప్పుకోరు. దాన్ని కూడా ఈ కొలబద్దతోనే కొలిస్తే సరిపోతుంది. షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతింటుందని, ఏడాదికోసారి చూపించుకోవాలని వైద్యానికి బాగా తెలుసు. షుగరున్న ప్రతి ఒక్కరి రెటీనా చూసేంతమంది కంటి డాక్టర్లు లేరు. ఫొటో చూసి, డాక్టరు ప్రమేయం లేకుండా ఈ జబ్బును పట్టే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 ఏప్రిల్‌లో అనుమతిచ్చింది. టీబీ అనుమానంతో తీసిన ఛాతీ ఎక్స్‌రేలను కంప్యూటర్‌తో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది, 15 ఏళ్లు దాటినవాళ్లకు. రెండూ నిపుణుడికి తెలియనిది కనిపెట్టే పనులు కావు, నిపుణుడు లేనిచోట అతని చూపును నిలబెట్టే పనులు. ఈ చూపు నేర్పడానికి పాత రికార్డులు కావాలి. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తన సొంత ఎలక్ట్రానిక్ రికార్డు వ్యవస్థను తయారు చేసుకుని, ఆ రికార్డుల మీద పరిశోధన పత్రాలు వెలువరిస్తోంది. అక్కడ ప్రతి పేషెంటు కన్నూ ఒకే పద్ధతిలో రాసి ఉండటం వల్ల అది వీలైంది. అడ్డదిడ్డంగా ఎక్కించిన లక్ష రికార్డులు కవర్లో కాగితాల కన్నా మెరుగేమీ కాదు.

ఇంత మేలు చేసే యంత్రం పెట్టగానే ఆసుపత్రి బాగుపడుతుందా? పిట్స్‌బర్గ్‌లో పిల్లల ఆసుపత్రి ఒకటి మందుల ఆర్డర్లను కంప్యూటర్‌కు మార్చింది. వేరేచోట్ల నుంచి అత్యవసరంగా అక్కడికి పంపిన పిల్లల్లో మరణాల శాతం అంతకుముందు 2.80 ఉంటే ఆ తర్వాత 6.57కు పెరిగిందని 2005లో అక్కడి డాక్టర్లే ప్రచురించారు. కారణాలు వెతికితే చాలా మామూలు విషయాలు బయటపడ్డాయి. పాత పద్ధతిలో అంబులెన్సు దారిలో ఉండగానే డాక్టరు మందులు చెప్పేవాడు, బిడ్డ వచ్చేసరికి సిరంజిలు సిద్ధంగా ఉండేవి. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి, పేరు రిజిస్టరైతే గానీ తెర తెరుచుకోదు. ఒక్కో ఆర్డరుకు ఎన్నో క్లిక్కులు. నర్సు మంచం దగ్గర ఉండాల్సిన సమయంలో కంప్యూటర్ దగ్గర ఉంది. అదే సాఫ్ట్‌వేర్‌ను సియాటిల్‌లో ఇంకో పిల్లల ఆసుపత్రి ముందుగా తయారై, ఆర్డర్ల పట్టీలు సిద్ధం చేసుకుని పెట్టింది, అక్కడ మరణాలు పెరగలేదు. బిడ్డ తలుపు దగ్గరికి వచ్చిన మొదటి పావుగంటలో ఎవరు ఎక్కడ నిలబడి ఉంటారన్నది ఎవరు ఆలోచించారన్న దాన్నిబట్టే ఒకే యంత్రం రెండుచోట్ల రెండు రకాలుగా పనిచేసింది.

హెచ్చరికల గొడవ ఇంకొకటి. మందుల జంట కుదరనప్పుడు తెర మీద ఎర్ర పెట్టె రావడం మంచిదే. ప్రతి చిన్నదానికీ వస్తుంటే డాక్టరు చూడకుండానే 'ఓకే' నొక్కడం నేర్చుకుంటాడు. రకరకాల ఆసుపత్రుల అధ్యయనాలను కలిపి 2006లో చూస్తే, ఇలాంటి హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా దాటేస్తున్నారని తేలింది. ఎనభయ్యో పేషెంటు కోసం పెట్టిన పెట్టెను ఎనభయ్యో పేషెంటు దగ్గరే కళ్లు మూసుకుని మూసేస్తున్నారన్నమాట. డాక్టరు మన మొహం చూడటం మానేసి తెర చూస్తున్నాడన్న ఫిర్యాదులోనూ నిజముంది. అమెరికాలో 2016 నాటి ఒక పరిశీలనలో డాక్టర్లు పేషెంటుతో గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు రికార్డులకు, బల్ల పనికి పోతున్నాయి. మన 3 నిమిషాల ఓపీలో అన్ని గంటలు ఎక్కడున్నాయి? అందుకే ఇక్కడ కీబోర్డు ముందు డాక్టరు బదులు డేటా ఎంట్రీ ఆపరేటరు కూర్చుంటాడు. డాక్టరు చెప్పింది ఒకటి, విన్నది ఒకటి, కొట్టింది ఇంకొకటి అయ్యే అవకాశం అక్కడ పుడుతుంది.

కరెంటు పోయినా, సర్వర్ పడిపోయినా ఏం చేయాలన్నది కూడా ముందే రాసి పెట్టుకోవాలి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగి సర్వర్లు దాదాపు రెండు వారాలు కోలుకోలేదు. దేశమంతా పేరున్న ఆ పెద్దాసుపత్రిలో ఓపీ చీటీలు మళ్లీ పెన్నుతో రాశారు.

సర్వే నంబరు సంగతికి వస్తే, మన రికార్డుల్లో అన్నిటికన్నా బలహీనమైన చోటు పేరు. లక్ష్మమ్మ అన్న పేరును ఇంగ్లీషులో కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు, ఎక్స్ పెట్టి కూడా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. వయసు అడిగితే "అరవై ఉంటాయి బాబూ" అంటారు, పుట్టినతేదీ గడిలో జనవరి 1 పడుతుంది. ఫోన్ నంబరు వెంట ఎవరొస్తే వాళ్లది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఈ చిక్కు విడదీయడానికే. ఆ నంబరును కౌంటర్ దగ్గర అడిగి, సరిగ్గా కొట్టి, పాత రికార్డుకు తగిలించే మనిషి ఉంటేనే అది పనిచేస్తుంది. ఆ మనిషి ముందు కూడా లైను ఉంటుంది.

ఆ పెద్దావిడ కొడుకు కవరు పట్టుకుని ఓపీ కౌంటర్ దగ్గరికి వస్తాడు. అక్కడున్న అమ్మాయి పేషెంటు పేరు అడుగుతుంది, వయసు అడుగుతుంది, ఫోన్ నంబరు అడుగుతుంది. "ఇదివరకు ఈ ఆసుపత్రికి వచ్చారా?"

"లేదండీ" అంటాడు. నాలుగేళ్ల కిందట అమ్మను ఇక్కడికి తీసుకొచ్చింది చెల్లెలు, అప్పుడు ఇచ్చింది చెల్లెలి నంబరు, ఆ సంగతి అతనికి గుర్తులేదు.

కౌంటర్‌లో అమ్మాయి కేఎస్‌హెచ్‌తో లక్ష్మమ్మ అని కొట్టి చూస్తుంది. ఎవరూ దొరకరు. కొత్త నంబరు ఇస్తుంది. ఆనాటి 0.8 అదే మెషీన్లో, ఎక్స్‌తో రాసిన లక్ష్మమ్మ పేరు కింద ఉంది. ప్రింటర్ చప్పుడు చేస్తూ చీటీని బయటికి తోస్తుంది. టోకెన్ నంబరు 80.